ఫ్లెక్సీలో ఆంథోనీ

తన ఫ్లెక్సీ షాపు మెట్లెక్కుతున్న మనిషిని చూసి దుర్గాశ్రీకి గుండె ఝల్లుమంది. అతను ఆంథోనీ, దరియాలతిప్ప మత్స్యకారుడు. పొద్దుటి నుంచి యానాం కూడళ్లన్నిటా ఫ్లెక్సీల మీద అతని ముఖమే.

గోదావరిలోకి ఫ్యాక్టరీ మురుగు వదలొద్దని మొన్న జాలర్లు ధర్నా చేశారు. తోపులాటలో ఒక కానిస్టేబుల్ నీళ్లలో పడిపోతే ఆంథోనీ తెడ్డు అందించి ఒడ్డుకు లాగాడు. ఆ ఫొటోనే ఫ్యాక్టరీ తరఫు మనిషి తెచ్చిచ్చాడు. అతను చెప్పినట్టే దుర్గాశ్రీ కానిస్టేబుల్‌ని కత్తిరించేసింది. తెడ్డు కొట్టడానికి లేచినట్టు బొమ్మను వంచింది. వెనక ఎరుపు నింపి, ‘వీళ్లా మన ఊరిని కాపాడేది?’ అని రాసింది.

మధ్యాహ్నానికల్లా టీకొట్ల దగ్గర మాట మారిపోయింది. మురుగు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. రౌడీల సంగతే.

అసలు ఫొటో చూసినది తనే. అయినా ఆంథోనీ గుమ్మం దగ్గరికి రాగానే ఆమె చూపు అతని చేతుల మీదికే పోయింది. కుర్చీ వెనక్కి జరిపి ఫోను అందుకుంది.

అతను అక్కడే ఆగిపోయాడు. “భయపడకండమ్మా. ఆ బొమ్మ మీరే చేసేరంట కదండి. అసలు ఫొటో ఉందాండి?”

“ఉందండి,” అంది దుర్గాశ్రీ. “పెద్ద ఫ్లెక్సీ వేసిస్తాను, ఆ బొమ్మ పక్కనే కట్టిస్తారా?”

“ఊరికి కాదమ్మా, చిన్నది చాలు. మా మనవరాలు బడి నుంచొచ్చి నా దగ్గరికి రావట్లేదు. ‘అది నువ్వేనా తాతా?’ అనడిగిందండి. మొకం నాదే కదా, కాదని ఎలా చెప్పను?”