గురువు కొట్టాల్సిన చెంపదెబ్బ

1986లో ఖానాపూర్ బడి వార్షికోత్సవానికి మేం ఊరి పెద్దవాళ్లం నాటకం వేశాం. అందులో, వేదాంతం చెబుతూ తనకు సింహాసనం అక్కర్లేదనే రాజును, కత్తి నేర్పిన గురువు చెంపమీద కొట్టాలి. రాజు వేషం మా ఊరి జైపాల్‌రావు దొరది. గురువు వేషం నాది, కిరాణం కొట్టు అబ్రహాంది.

అప్పటికి ఇరవై ఏళ్ల కింద మా బాపును నడిబజార్లో కొట్టింది ఈ దొరే. అందుకే ఆ వేషం అడిగి తీసుకున్నాను.

"గురువు పెద్దోడా, రాజు పెద్దోడా అబ్రహాం?" రిహార్సల్లో దొర నవ్వాడు.

"కొట్టెటోడే పెద్దోడు దొరా!"

నాటకం రోజు పట్టపగలు, ఊరంతా చూస్తుండగా బలంకొద్దీ కొట్టాను. కిరీటం ఎగిరిపడింది. జనం ఒకటే చప్పట్లు.

దొర నాకు మాత్రమే వినపడేలా అన్నాడు: "ఇంకోటి కొట్టు. మీ బాపును రెండు కొట్టిన. గందుకే గీ రాజు వేషానికి ఒప్పుకున్న."

నా చెయ్యి లేవలేదు. ఇన్నేళ్లు దాచుకున్న పగను కూడా దొరే లాక్కున్నాడు.