ఒకే గెడ్డ నీళ్లు

శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు స్కూలు. ఇంగ్లీషు టీచరు ఉద్యోగం ఒకటి, వచ్చినవాళ్లు ఇద్దరు.

అటెండరు జోగయ్య ఝాన్సీకి చీటీ ఇచ్చాడు.

"రైవల్ అనే మాట ఎలా పుట్టిందో పిల్లలకి సెప్పాలమ్మా. ఇద్దరికీ ఇదే మాట. ముందు మీరే."

ఫోన్లు ఆఫీసులో పెట్టించేశారు. ఇక గూగుల్ దిక్కు కూడా లేదు.

వరండా బల్ల మీద నడివయసావిడ ఒకరు గుడ్డసంచితో కూర్చున్నారు.

"మీ పిల్లని సూడ్డానికొచ్చారా? కాస్త జరగండి" అంది ఝాన్సీ విసుగ్గా.

ఆవిడ జరిగారు.

"ఏటమ్మా, అంత కంగారు?"

అంతే, ఝాన్సీకి ఏడుపొచ్చేసింది.

"మా నాన్న లారీ డ్రైవరండి. కాలిరిగి సాలూర్లో మంచాన్నున్నాడు. ఈ ఉద్యోగం రాకపోతే ఇల్లు గడవదు. రైవల్ అంటే పోటీదారుడని తెలుసు. ఎక్కణ్ణించొచ్చిందో తెల్దు."

ఆవిడ కాసేపు తరగతి గది వైపు చూశారు.

"లాటిన్లో రీవస్ అంటే గెడ్డ, సిన్న వాగు. ఒకే గెడ్డ నీళ్లు వాడుకునీవోళ్లని రీవాలిస్ అనీవోరు. నీళ్లకాడ తగువులొస్తాయి కదా? అలాగ పోటీదారుడయ్యాడు."

"మాకూ గెడ్డ కింద మడున్నాది. ఏటా తగువే!" ఝాన్సీ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"తగువొకటే సెప్పి ఒగ్గీకు. దిగువోడి నారు ఎండిపోతంటే ఎగువోడు ఏటి సేస్తాడు?"

"తన వంతు నీరొదిలేస్తాడు."

"అదీ సెప్పు. పిల్లలు ఇంటారు."

ఝాన్సీ అలాగే చెప్పింది. ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి ఎగువ రైతు, దిగువ రైతు వేషాలు కూడా కట్టించింది. వాళ్లు గట్టు దగ్గర తిట్టుకుంటుంటే క్లాసంతా గొల్లున నవ్వింది.

కాసేపటికి ప్రిన్సిపాల్ ఉమాశంకర్ పిలిచారు.

"రెండో కాండిడేట్ పాఠం చెప్పనన్నారమ్మా. చెప్పినా మిమ్మల్నే తీసుకుందును. సోమవారం వచ్చేయండి."

ఝాన్సీకి కాళ్లు నేల మీద నిలవలేదు. తండ్రికి ఫోన్ చేయడం కూడా మరిచి, ముందు వరండాలోకి పరిగెత్తింది. బల్ల ఖాళీగా ఉంది.

"జోగయ్యగారూ, ఇక్కడ కూచున్న అమ్మగారేరి? విసుక్కున్నాను పాపం. ఏ పిల్ల తల్లి ఆవిడ?"

"ఏ పిల్ల తల్లీ కాదమ్మా, మీ తరవాత పాఠం సెప్పాల్సిన టీచరమ్మ" అన్నాడు జోగయ్య. "పిలిస్తే, 'నా పాఠం సెప్పీసేను బాబూ' అనీసి ఎల్లిపోనారు."