దాటేసిన పనస

వాకిట్లో అంబాసిడర్ కారు ఆగి ఉంది. బాబాయిగారు దాన్ని వెనక్కి పంపేస్తానంటున్నారు.

"లివరు చెడితే ఆ విషం మెదడుకెక్కుతుందటండీ. మతి తప్పితే ఆ క్షణమే నాన్నగారిని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని అమలాపురం డాక్టరుగారు చెప్పేరు కదండీ," అన్నాను.

"మతి తప్పిన మనిషి ఇలా గుక్క తిప్పుకోకుండా వేదం చెబుతాడుటే? బియ్యే చదివేస్తే సరా? విను!"

మంచం మీద నాన్నగారు కళ్ళు మూసుకుని వేదంలోని ఒక పనస చెబుతున్నారు. ఒళ్ళంతా పసుపు పూసినట్టున్నా గొంతు మాత్రం ఖంగుమంటోంది.

బాబాయిగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆయనకు వేదం రాదు. మంచం పక్కన కూర్చున్న అమ్మకూ రాదు.

"తప్పు చెబుతున్నారండీ. రెండు వాక్యాలు దాటేసి, మళ్ళీ మొదటికే వస్తున్నారు."

"నీకెలా తెలుసే?"

నేను మంచం దగ్గరికి జరిగాను. నాన్నగారు శిష్యులకు చెబుతుంటే వంటింటి గోడకు చెవి ఆనించి ఏళ్ళ తరబడి దొంగతనంగా నేర్చుకున్నాను. ఆడపిల్ల నోట వేదం వింటే నాన్నగారు ఆ పూట అన్నం ముట్టరు.

నాన్నగారు మళ్ళీ అక్కడికే వచ్చి మళ్ళీ దాటేశారు. నేను గొంతెత్తి ఆ రెండు వాక్యాలూ స్వరంతో చెప్పేశాను.

అమ్మ చెవులు మూసుకుంది.

నాన్నగారు కళ్ళు తెరిచి నన్నే చూశారు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

"శభాష్! స్వరం ఎక్కడా జారలేదు," అన్నారు. "ఎవరబ్బాయివి నాయనా?"