వందకు వయసు కలిపితే

"వందకు వయసు కలుపు. ఎవరికైనా అదే సరైన బీపీ," అన్నాడు కోటిలింగం.

మిరపకాయలు కొనడంలో తల నెరిసిన మనిషి. తొడిమ చూసి ఘాటు చెప్పేస్తాడు. మనుషుల్నీ అంతే. ప్రత్తిపాడులో ఆయన వరండా ఎక్కినవాళ్ళ చేతికి బీపీ మిషన్ పట్టీ చుట్టి, ఏభైకి నూట ఏభై, డెబ్భైకి నూట డెబ్భై అని తీర్పిచ్చి పంపేవాడు. డాక్టర్లకు కూడికలు రావని ఆయన నమ్మకం.

అరవై నాలుగేళ్ళ ఆయనకు మాత్రం నూట ఇరవై. పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషికి.

"పాతికేళ్ళ కుర్రాడి రక్తం," అనేవాడు. తన లెక్కలో ఇదెక్కడ ఇమిడిందో ఎవరూ అడగలేదు.

మాత్రలు మింగేవాళ్ళు ఆయనకు పుచ్చిన మిరపకాయలతో సమానం. అందులో మొదటిది భార్య సాయిలక్ష్మి.

రెండేళ్ళ కిందట గుంటూరులో ఇద్దరూ చూపించుకున్నారు. వయసుతో పెరగడం మామూలే గానీ మంచిది కాదు, నూట ముప్ఫై లోపే ఉంచాలని డాక్టరు చెబుతుండగానే కోటిలింగం లేచి చెప్పులేసుకున్నాడు. మందుల చీటీ సాయిలక్ష్మి తెచ్చుకుంది. అప్పట్నించీ రోజూ పొద్దున్నే, ఆయనకు రాగిజావ కాచే వేళకి, అట్టలోంచి ఓ మాత్ర తీసుకుని వంటింట్లోకి వెళ్ళేది.

"మళ్ళీ మొదలెట్టావా, పిరికిదానా?"

"ప్రాణం తీపి కదండీ."

ఓ ఆదివారం ఆయనకు రోత పుట్టింది. మాత్రలన్నీ మురిక్కాలవలో పారేశాడు. మళ్ళీ కొంటే గడప తొక్కనివ్వనన్నాడు.

"ప్రాణం మీదికొస్తుందేమోనండీ," అని ఒక్కసారే అంది.

"పోతే పోనీ."

వారం తిరిగేసరికి ఆయనకు తల దిమ్మెక్కింది. మిషన్ నూట డెబ్భై ఎనిమిది చూపించింది. దొంగ సరుకని తిట్టి బ్యాటరీలు మార్చాడు. నూట ఎనభై. కుర్చీలోంచి లేవబోయి గోడ పట్టుకున్నాడు.

"మీ లెక్క మీద పదహారేగా ఎక్కువ," అంది సాయిలక్ష్మి.

"నోర్ముయ్. మాత్రల్లేక నువ్వు మొహం వేలాడేసుకుంటే చూడలేక నాకు పెరుగుతోంది. పోయి తెచ్చుకో."

ఆవిడ అప్పటికే చెప్పులేసుకుంది.

మర్నాడు ఆయన వరండాలో పట్టీ విదిలిస్తూ, ఆడవాళ్ళ పిరికితనం గురించి వచ్చినవాళ్ళకు చెబుతున్నాడు. లోపల సాయిలక్ష్మి, రెండేళ్ళుగా చేస్తున్నట్టే, మాత్రను చెంచా వెనకతో మెత్తగా నలిపి ఆయన రాగిజావలో కలిపింది.