వానపాములకు రొట్టె పడదు

“రొట్టె మాత్రం వెయ్యకు తాతయ్యా. వానపాములకు రొట్టె పడదు, బూజు పట్టి కంపు కొడుతుంది,” అంది నెవెన, ఎరువు కోసం వానపాములను పెంచే చెక్కపెట్టెను వంటగది మూల దించుతూ. పెట్టె ఇంకా కొత్త చెక్క వాసన వేస్తోంది.

ల్యూబెన్ గతుక్కుమన్నాడు. ఇంట్లో రొట్టె, జున్ను తప్ప మరేం లేవు. భార్య తోంకా పోయిన దగ్గర్నుంచీ అతను పొయ్యి వెలిగించలేదు, మెట్లు దిగలేదు. పై అంతస్తులో ఉండి చదువుకునే నెవెనే ఆ రొట్టె కూడా తెచ్చి పెట్టేది. ఇప్పుడీ పిల్ల చలికాలమంతా బాన్‌స్కో కొండల్లో హోటల్ పనికి పోతోంది.

“మరేం తింటారు ఈ దొరసానులు?”

నెవెన కళ్ళు మూసుకుని అప్పజెప్పింది. “గుమ్మడి తొక్కు, క్యారెట్ తొక్కు, ఆపిల్ తొక్కు. అన్నీ తాజాగా తీసినవే. కాఫీ పిప్పి. ఉల్లి, నారింజ వద్దు. ఆదివారం ఆదివారం గుడ్డు పెంకులు, మెత్తగా నలిపి.”

“వాటికి ఆదివారమని ఎవరు చెప్తారే?”

“చెప్పినట్టు చెయ్యి తాతయ్యా! నేనొచ్చేదాకా వాటికి నువ్వే దిక్కు.”

అచ్చం తోంకాలాగే సతాయిస్తోంది, అనుకున్నాడు ల్యూబెన్. నోరులేని జీవాలు తన చేతిలో చస్తే ఆ పాపం ఎక్కడికి పోతుంది? సరేనన్నాడు.

తొక్కు కావాలంటే కాయ కొనాలి. కోటు దులుపుకుని, ఆయాసపడుతూ దిగి, గుమ్మడికాయ మోసుకొచ్చాడు. తొక్కులు పెట్టెలో వేశాక మిగతాది పారెయ్యడానికి మనసొప్పలేదు. ఉడకేశాడు. మాడింది. మాడినా తిన్నాడు. మర్నాడు క్యారెట్లు తెచ్చి సూప్ కాచాడు. ఆదివారం పెంకుల కోసం గుడ్లు కొట్టి, తోంకాలాగే జున్ను పెట్టి బానిత్స పిండివంట చేయబోయాడు. అది బానిత్స కాలేదు గానీ కడుపు నిండింది.

చలి ముదిరేసరికి వానపాములు మందగించాయి. ల్యూబెన్‌కు తెలిసిన మందు ఒక్కటే. బాల్కనీలో, తోంకా ఆస్పత్రికి వెళ్ళేముందు ఉప్పునీళ్ళలో క్యాబేజీ ఊరేసిన పీపా ఉంది. తాగింది దిగాలన్నా, జలుబు వదలాలన్నా ఆ వీధిలో అందరూ తాగేది ఆ ఊటనీళ్ళే. తనను లేపే మందు వీటిని మాత్రం లేపదా అని గ్లాసెడు పెట్టెలో ఒంపాడు.

కాసేపటికి వానపాములన్నీ మెలికలు తిరుగుతూ పెట్టె గోడలెక్కాయి.

“స్తెఫ్కా! చచ్చిపోతున్నాయి స్తెఫ్కా!” ఎదురింటి తలుపు దబదబా బాదాడు. తోంకాను సాగనంపాక ఆమెను పలకరించడం అదే మొదలు.

స్తెఫ్కా వచ్చి చూసి నడుం మీద చేతులు వేసుకుంది. “ఉప్పునీళ్ళా? బుర్రుందా నీకు? రాత్రి రకియా సారా ఎక్కువైంది నీకా, వాటికా?”

ఇద్దరూ కింద చతికిలబడి వాటిని జల్లెడలో వేసి మంచినీళ్ళతో కడిగారు. తడి కాగితాలు చింపి కొత్త పక్క వేశారు. కొన్ని దక్కలేదు. ల్యూబెన్‌కు కళ్ళనీళ్ళు ఆగలేదు. “నన్ను నమ్మి ఇచ్చింది. పిల్లకేం చెప్పను?”

“తర్వాత ఏడుద్దువు గానీ, ముందు ఆ సూప్ పెట్టు. వాసన బాగానే ఉంది,” అంది స్తెఫ్కా.

అప్పట్నుంచీ ఆమె పొద్దున్నే కాఫీ పిప్పి తెచ్చేది. పిప్పితో పాటు కాఫీ కూడా తెచ్చేది.

మార్చి మొదట్లో నెవెన వచ్చింది. ల్యూబెన్ ముంజేతికి మార్చి ఆనవాయితీ ప్రకారం ఆరోగ్యం కోరుతూ ఎరుపు తెలుపు దారం కట్టి, పొయ్యి మీద పొంగుతున్న గిన్నె కేసి, బల్ల మీదున్న రెండు కాఫీ కప్పుల కేసి చూసింది. ల్యూబెన్ ఉప్పునీళ్ళ సంగతి దాచలేదు.

“తప్పు నాదే. కానీ మళ్ళీ పిల్లలు పెట్టాయే, చూడు!” పెట్టె ముందుకు జరిపాడు. “ఇక తీసుకుపో.”

“నీ దగ్గరే ఉండనీ తాతయ్యా.”

“నీ సొమ్ము నేనెలా ఉంచుకుంటానే?”

“నాది కాదు. తొక్కులు, పెంకులు, ఆదివారం, అవి కూడా నా మాటలు కావు. ఆస్పత్రి మంచం పక్కన కూర్చోబెట్టి, తప్పు పోయినప్పుడల్లా తిట్టి, నాచేత వల్లె వేయించింది.”

“ఎవరు?”

“తోంకా బామ్మ.”