ప్రకటనలో నడిచే మనిషి

“అది ముమ్మాటికీ మా ఆవిడే,” అన్నాడు బూట్ల మేస్త్రీ.

కటింగ్ షాపు ఆయన చేతిలో కత్తి ఆగింది. కుర్చీలో ఉన్నవాడు సబ్బు నురగలోంచే నవ్వాడు.

గోడ మీది టీవీలో ఆ ప్రకటన అప్పుడే అయిపోయింది. వాన వెలిసిన రోడ్డు. ఒక ఆడమనిషి మనకి వీపు పెట్టి నడిచిపోతూ ఉంటుంది. ‘ఎవరామె? ఫైనల్ విరామంలో తిరిగి చూస్తుంది’ అని ఒక ముక్క, కింద ఫోన్ల కంపెనీ గుర్తు. అంతే. నెలరోజులుగా ఊరంతా ఇదే గోల. ఫుట్‌బాల్ ఫైనల్లో ఎవరు గెలుస్తారని అడిగే నాథుడు లేడు. సినిమా తార అన్నారు కొందరు. కంపెనీవాళ్ళు వీధులు తిరిగి, మామూలు మనుషుల్నే ఏరుకుని తీశారని ఇంకొందరు. అసలు మనిషే కాదు, కంప్యూటరు గీసిన బొమ్మ అని మరొకరు.

“తిరిగి చూస్తే మా ఆవిడే అయ్యుంటుంది,” అన్నాడు కటింగ్ షాపు ఆయన. “నేనెక్కడ కూర్చున్నా కనిపెట్టేస్తుంది.”

మేస్త్రీ నవ్వలేదు. అతని పెళ్ళాం పోయి నాలుగేళ్ళు.

అతనికి మనుషులు మొహాల కంటే మడమలతోనే ఎక్కువ గుర్తుంటారు. ఆమె కుడి కాలు బయటి అంచు మీద మోపేది. బూటు మడమ అక్కడే ముందు అరిగేది. ఆమె బతికినంత కాలం అతను ఆ మడమ మారుస్తూనే ఉన్నాడు. టీవీలో మనిషీ అక్కడే మోపుతోంది.

షాపుకొచ్చిన ఒకాయన ఇంకో మాట చెప్పాడు. జనం ఫోన్లలో దాచుకున్న వీడియోలు కంపెనీ తీసుకుని, చచ్చిపోయినవాళ్ళని కూడా నడిపిస్తోందట. మిగతావాళ్ళు కొట్టిపారేశారు. మేస్త్రీకి మాత్రం అది గుచ్చుకుంది. పెళ్ళాం ఫోను అతని దగ్గరే ఉంది. తాళం సంగతి ఆమెకే తెలుసు. ఫొటోలన్నీ అందులోనే. కంపెనీ కౌంటరుకి పట్టుకెళ్తే, ఫోను ఎవరిదో వాళ్ళే రావాలన్నారు. మనిషి పోయిందమ్మా అన్నాడు. అయితే ఆవిడ ఒప్పుకున్నట్టు సంతకం తెమ్మన్నారు.

ఇంట్లో మిగిలింది గుర్తింపు కార్డు మీది బొమ్మ. అందులో ఆమె పట్టుబడ్డ దొంగలా ఉంటుంది. అసలు మొహం అతనికి చెరిగిపోతోంది. కళ్ళు మూసుకుంటే నడక వస్తుంది, మొహం రాదు. ఫైనల్ నాడు ఆమె ఒక్కసారి తిరిగి చూస్తే చాలు. ఆ తర్వాత ఈ కళ్ళు పోయినా ఫర్వాలేదనుకున్నాడు.

ఇంట్లో కూతురుంది. ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఆనాడు ఆపరేషనుకి ఒప్పుకుని సంతకం పెట్టింది ఆమే. తల్లి ఆ బల్ల మీంచి లేవలేదు. అప్పటి నుంచి కూతురితో మాట్లాడేటప్పుడు మేస్త్రీ తలెత్తడం మానేశాడు. కంచంతో మాట్లాడతాడు. లేదా చేతిలో ఉన్న బూటుతో.

ఆ మధ్య ఆమె పని ఉందని కొన్నాళ్ళు ఊరెళ్ళొచ్చింది. ఏం పనో అతనడగలేదు. అరిగిన బూట్లు సంచిలో పెట్టి, మడమలు వేసిపెట్టమని కొట్లో ఇచ్చింది. రద్దీ తగ్గాక చూస్తానన్నాడు. సంచి ముడి విప్పనే లేదు. నీకో మాట చెప్పాలి నాన్నా అని రెండు మూడుసార్లు మొదలుపెట్టింది. పెళ్ళి గొడవో జీతం గొడవో అయ్యుంటుందని టీవీ సౌండు పెంచాడు.

ఒకరోజు అన్నాలవేళ ప్రకటన వచ్చింది. ఆమె గరిటె పట్టుకుని పక్కనే నిలబడి చూసింది.

“అలా ఇంకెవరూ నడవరా నాన్నా?”

“నడిచేది ఇంకా పుట్టలేదు.”

“అంత గట్టిగా చెప్పకు. తర్వాత బాధపడతావు.”

“నీకేం తెలుసు? మీ అమ్మ కాలిగోటికి సరిపోవు నువ్వు.”

ఆమె అతను తినకముందే కంచం తీసేసింది. ఎందుకని అతనడగలేదు.

ఫైనల్ రోజు పొద్దున్నే కూతురు పెట్టె సర్దుకుని వచ్చి నిలబడింది. ఆఫీసు దగ్గర గది చూసుకున్నానంది. మందులు ఏ అరలో ఉన్నాయో చెప్పింది. కుళాయి ఎటు తిప్పితే కారకుండా ఉంటుందో చెప్పింది.

“మంచిది,” అన్నాడతను.

టీవీలో ప్రకటన మొదలైంది. ఆమె పెట్టెతో గది దాటింది, గుమ్మం దాటింది, మెట్లు దిగి వీధి చివరి దాకా నడిచింది. మేస్త్రీ కళ్ళు తిప్పలేదు. అతను టీవీలో మనిషి నడక చూస్తున్నాడు.

సాయంత్రానికి కటింగ్ షాపులో ఇసకేస్తే రాలనంత జనం. మేస్త్రీ కొట్టు ముందే కట్టేశాడు. గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. పెళ్ళిచూపులా అని వెనక ఎవరో ఎకసెక్కమాడారు. అతను పట్టించుకోలేదు. గోలు పడింది, అరిచారు. అతను అదీ చూడలేదు.

విరామం ఈల మోగింది. షాపులో మాటలు ఆగాయి.

వాన వెలిసిన రోడ్డు. వీపు. కుడి మడమ, బయటి అంచు. మేస్త్రీ పెదవులు పెళ్ళాం పేరు పలికాయి. ఆమె ఆగింది. తిరిగింది. నేరుగా అతనికేసి చూసింది.

అతను ముందుకి వంగాడు. ఆ మొహమంతా వెతికాడు. కళ్ళు ఆమెవి కావు. ముక్కు ఆమెది కాదు. ఎవరో వయసులో ఉన్న పిల్ల, ఏడుపు ఆపుకుని నవ్వుతోంది.

“దారినపోయే ఎవతెనో పట్టుకొచ్చారు,” అన్నాడు మేస్త్రీ. “ఇదంతా మోసం.”

కటింగ్ షాపు ఆయన టీవీకేసి చూసి, మేస్త్రీకేసి చూసి, గొంతు తగ్గించాడు.

“మేస్త్రీ, ఆ పిల్ల మీ అమ్మాయే కదా.”