ఫోన్‌లో అవ్వ

హర్షిణి ఫోన్ మోగింది. పిల్ల స్నానానికి పోయింది.

నవత తెర చూసింది. 'అవ్వ' అని ఉంది.

ఆ పిల్లను కన్న అవ్వ తనే. తన ఫోన్ తన చేతిలోనే ఉంది.

ఎత్తి చెవికి పెట్టుకుంది.

"తిన్నవా బిడ్డా?"

ఆ గొంతు ఫోన్‌లో ఒకసారి, గోడ అవతల నుంచి ఒకసారి వినిపించింది. పక్క అర్రలో కిరాయికి దిగిన గంగుబాయి.

భైంసా నుంచి శ్రీరాంపూర్ వచ్చి, బొంతలు కుట్టి బతుకుతానంటే ఇచ్చిన అర్ర. వచ్చిన కొత్తలోనే హర్షిణిని మచ్చిక చేసుకుంది. బడి నుంచి రాగానే పిల్ల సంచి ఇక్కడ పారేసి అక్కడికే పరుగు. తల్లి అడిగితే 'ఊ'. అక్కడైతే గుసగుసలు. తను దువ్వబోతే తల ఇవ్వని పిల్ల, ఓ సాయంత్రం ఆమె ఒళ్లో తల పెట్టుకుని కనిపించింది. ఆ పూట నవతకు ముద్ద దిగలేదు.

ఇప్పుడు ఫోన్‌లోనూ ఆమేనా? మరి తన పేరు ఏమని ఉంది?

ఆ ఫోన్‌లోనే తన నెంబర్ కొట్టి చూసింది. 'ఇల్లు' అని వచ్చింది.

తలుపు చప్పుడుకు గిర్రున తిరిగింది.

"గామె నీకు అవ్వ ఎప్పటిసంది అయిందే?"

తడి జుట్టుతో వచ్చిన హర్షిణి మొహం పాలిపోయింది. "నాకు కాదవ్వా, గామె..."

చెంప ఛెళ్లుమంది. మిగతా మాట పిల్ల గొంతులోనే ఉండిపోయింది.

నవత విసురుగా పక్క అర్రలోకి పోయింది.

"కన్న పిల్లలు లేరా నీకు?"

గంగుబాయి చేతిలో సూది ఆగింది. "ఉన్నడొక్కడు."

"మరి వాన్ని సాదుకో. నా బిడ్డను గుంజుకున్నవేంది?"

"గుంజుకోలే చెల్లె. బిడ్డ పరేషాన్ల ఉన్నది. ఫోన్ల ఎవడన్న సతాయిస్తుండేమో, జర పక్కన కూసోని అడుగు. ఫోన్ గుంజుకోకు, కొట్టకు. కొడితే ఇంక నోరిప్పది."

"పిల్లల పెంపకం నువ్వు నేర్పుతవా నాకు? మూట కట్టు. మా ఆయన బొగ్గు బాయి డ్యూటీ దిగి వచ్చేవరకు నువ్వు కనవడద్దు."

"ఇంకొన్ని దినాలు ఉండనియ్యి చెల్లె. జరంత పనున్నది."

"నీ పని నాకు ఎరికే. నా బిడ్డకు అవ్వవయ్యే పని."

గంగుబాయి సూదిని దారం ఉండకు గుచ్చింది. సగం కుట్టిన బొంత మడిచి చంకన పెట్టుకుని బస్టాండు దారి పట్టింది.

నవత కడుపు చల్లబడింది. హర్షిణి మాత్రం అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున మామూలు చీరలో ఒకామె వచ్చింది. ఎస్సైనని చెప్పింది.

"ఫికర్ చెయ్యకుండ్రి. ఆన్‌లైన్ ఆటల దోస్తునని పరిచయమై, మీ పాప ఫోటోను పాడుగ మార్చి, అందరికి పంపుతనని బెదిరిస్తున్నోన్ని ఆదిలాబాద్‌ల పట్టుకున్నం. అంబదాస్ అని."

నవత హర్షిణి భుజం పట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదే?"

"ఫోన్ గుంజుకుంటవని. కొడ్తవని."

పిల్ల చెంప మీద వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

"ఫిర్యాదు ఇచ్చింది మీ తాన కిరాయికున్న గంగుబాయి," అంది ఎస్సై. "రుజువులన్నీ ఆమెనే తెచ్చింది. జర పిలువుండ్రి, ఒక సంతకం కావాలె."

"ఖాళీ చేయించిన." నవత పక్క అర్ర వైపు చూసింది. అంతలోనూ పాత మంట ఒకటి ఎగిసింది. కూతురి వైపు తిరిగింది. "కన్నదాన్ని నేనుండంగ పరాయిదానికి చెప్పుకున్నవా?"

"నేను చెప్పలే. నన్ను దేవులాడుకుంట గామెనే వచ్చింది. వాని ఫోన్ల బడి పేరున్న నా డ్రెస్సు ఫోటో చూసి."

"వాని ఫోన్ గామెకెట్ల దొరికింది?"

హర్షిణి తల వంచుకుంది.

"గామె వాని అవ్వ."